చిన్నగా ఉండటం వేరు, చిన్నగా ఉంచటం వేరు

ఈ మధ్య మన సభల్లో ఒక కొత్త ప్రవచనం మొదలైంది. ఏప్రిల్ 14 కావచ్చు, డిసెంబర్ 6 కావచ్చు, ధమ్మచక్ర ప్రవర్తన దినం కావచ్చు, వేదిక మీద సూటు వేసుకున్న ఒక వక్త తప్పకుండా ఉంటున్నాడు. ఉద్యోగం అడిగేవాళ్ళుగా కాదు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళుగా ఎదగండి అంటాడు. రెండేళ్ళలో పది బ్రాంచీలు, ఐదేళ్ళలో వంద కోట్లు అంటాడు. చిన్న దుకాణం పెట్టుకుని చిన్నగానే మిగిలిపోయేవాడు జాతికి బరువన్నట్టు మాట్లాడతాడు. కింద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొడతారు. సూటు మీద నాకు అభ్యంతరం లేదు. బాబాసాహెబ్ సూటు మనకు ఆత్మగౌరవం. నా అభ్యంతరమంతా ఆ వక్త చెప్పే లెక్క మీద.

వ్యాపారం అన్నాక పెరగాలి, పెరగకపోతే అది ఓడిపోయినట్టే అన్నది ఆ లెక్క. ఇది లోకంలో ఎక్కడా నిజం కాదు. తాత ఆస్తి లేని, బావమరిది బ్యాంకు మేనేజరు కాని, ఒక్క దెబ్బ తగిలితే మళ్ళీ లేచే దన్ను లేని మనలాంటి వాళ్ళకైతే ఇది నేరుగా ప్రమాదం. చిన్నగా ఉండాలని తామే నిర్ణయించుకుని, అలా ఉంటూనే నిలదొక్కుకుని, గౌరవంగా బతుకుతున్న వ్యాపారాలు చాలా ఉన్నాయి. వాటి గురించి మన వేదికల మీద ఎవరూ మాట్లాడరు.

అయితే ఆ మాట చెప్పేముందు ఇంకో వైపు కూడా తలుపు వేసి రావాలి. లేకపోతే నా మాటల్ని పట్టుకుపోయి వాడుకునేవాళ్ళు ఉన్నారు.

జాతీయ నమూనా సర్వే సంస్థ 2015-16లో 73వ విడత సర్వే చేసింది. దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు 6 కోట్ల 33 లక్షలకు పైగా ఉన్నాయని తేల్చింది. అందులో 6 కోట్ల 30 లక్షలు సూక్ష్మ సంస్థలే. అంటే ఈ దేశంలో వ్యాపారం అంటేనే చిన్న వ్యాపారం. ఇప్పుడు యజమానులు ఎవరో చూడండి. సూక్ష్మ సంస్థల్లో షెడ్యూల్డ్ కులాల వాటా 12.48 శాతం. చిన్న సంస్థల్లోకి వచ్చేసరికి 5.50 శాతం. మధ్యతరహా సంస్థల్లో 0.00 శాతం. అచ్చుతప్పు కాదు. దశాంశం తర్వాత కూడా రెండు సున్నాలే. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మనవాళ్ళు కనిపించకుండా పోతున్నారు. వీళ్ళంతా 'మాకు చిన్నతనమే ముద్దు' అని కూర్చున్నవాళ్ళా? కాదు. బజారు మధ్యలో షాపు అద్దెకివ్వరు. హోల్‌సేల్ వ్యాపారి అరువు ఇవ్వాలంటే ముందు ఇంటిపేరు అడుగుతాడు. మన చేత్తో చేసిన టిఫిను తినడానికి ఇప్పటికీ వెనుకాడే వీధులున్నాయి. ఇది చిన్నగా ఉండటం కాదు, చిన్నగా ఉంచటం.

ఈ తేడా తెలియనట్టు నటించేవాళ్ళు మరో గుంపు. 'చిన్నదే అందం' అంటారు వీళ్ళు. గ్రామం, కులవృత్తి, చేతిపని, సంతృప్తి అంటారు. ఊరి చివర చెప్పులు కుట్టేవాడి ఫొటో తీసి గోడకు తగిలించుకుంటారు. వీళ్ళలో కొందరు మన దగ్గరికి వచ్చి, ఇదంతా మీ బుద్ధుడు చెప్పిందే కదా అంటారు. వాళ్ళు చూపించే పుస్తకం ఇ.ఎఫ్. షూమాకర్ 1973లో వేసినది. అందులో బౌద్ధ ఆర్థికశాస్త్రం మీద ఒక వ్యాసం ఉంది, అది 1966లో రాసింది. షూమాకర్ 1955లో బర్మా ప్రభుత్వానికి సలహాదారుగా వెళ్ళాడు. అక్కడి జీవితం చూసి, పని మనిషిని తీర్చిదిద్దాలి తప్ప నలిపేయకూడదని, వస్తువులు పోగేసుకోవడం కోసం మనిషిని బలిపెట్టకూడదని రాశాడు. మంచి మాటే. కానీ ఆయన గాంధీ అభిమాని. ఇక్కడి గ్రామంలో ఎవరి పని ఎవరికి ఎందుకు పడిందన్న ప్రశ్న ఆ వ్యాసంలో లేదు. విచిత్రం ఏమిటంటే, జర్మన్ భాషలో ఆ ఇంటిపేరుకు అర్థమే చెప్పులు కుట్టేవాడని. ఆ పేరున్న పెద్దమనిషి రాసిన చిన్నదనపు పురాణంలో మన చెప్పులు కుట్టేవాడికి మాత్రం చోటు దొరకలేదు.

బాబాసాహెబ్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాల మీద మోజును ఎంత కటువుగా ఎండగట్టారో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. కాబట్టి నేను మాట్లాడబోయే చిన్నదనం ఆ చిన్నదనం కాదు.

రెండింటికీ తేడా ఎలా గుర్తుపట్టాలి? నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. పెద్ద ఆర్డరు ఇంటికి వచ్చినప్పుడు 'వద్దు' అనగలిగిన స్థితి అతనికి ఉందా? తన సరుకు ధర తానే చెప్పగలుగుతున్నాడా? ఈ రెండూ ఉంటే అతను చిన్నగా ఉన్నాడు. లేకపోతే అతన్ని చిన్నగా ఉంచారు. కొల్హాపురి చెప్పులు చూడండి. తరతరాలుగా చర్మకార కులాలవాళ్ళు చేస్తున్న పని అది. ఆ పేరుకు చట్టప్రకారం భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో అచ్చం అలాంటి చెప్పులే నడిపించింది. మొదట కొల్హాపూర్ పేరైనా ఎత్తలేదు. ఇక్కడ గొడవ అయ్యాక, ప్రేరణ భారతీయ చేతిపనిదేనని ఒప్పుకుంది. పేరు కొల్హాపూర్‌ది, నైపుణ్యం మనవాళ్ళది, ధర చెప్పేది మాత్రం మరొకడు. ఆ కారిగరు చిన్నవాడే, కానీ అతని చిన్నదనం అతని నిర్ణయం కాదు.

ఇక తన నిర్ణయంతో చిన్నగా ఉన్నవాడి కథ చెబుతాను. ఇది మన ధమ్మంతో ముడిపడిన కథ కూడా.

జపాన్‌లో యువరాజు షోతోకు బౌద్ధాన్ని నిలబెట్టాలని పూనుకున్న రోజుల్లో అక్కడ విహారం కట్టడం తెలిసిన వడ్రంగులు లేరు. కొరియాలోని బెక్జే రాజ్యం నుంచి ముగ్గురిని పిలిపించారు. వాళ్ళలో ఒకడు క్రీ.శ. 578లో పెట్టిన సంస్థ కొంగో గుమి. ఒసాకాలోని షితెన్నోజి విహారం వాళ్ళు కట్టిందే. ఆ విహారం యుద్ధాల్లో, నిప్పుల్లో, తుఫాన్లలో ఎన్నిసార్లు కూలితే అన్నిసార్లు వాళ్ళే మళ్ళీ కట్టారు. ఒకే కుటుంబం, ఒకే పని, 1,400 ఏళ్ళకు పైగా. ప్రపంచంలో అంతకాలం ఆగకుండా నడిచిన కంపెనీ మరొకటి లేదని చెబుతారు.

అంతకాలం ఎలా నిలిచారు? మొదటిది, పని హద్దు తెలుసు. గుడులు, విహారాలు కట్టడం, మరమ్మతు చేయడం, అంతే. రెండోది, సంస్థ లోపల కూడా అంతా చిన్నచిన్న బృందాలే. ఐదుగురో ఎనిమిది మందో వడ్రంగులు ఒక జట్టు. ఎవరి జట్టు పనితనానికి ఆ జట్టుదే పూచీ, ఒకరితో ఒకరికి పోటీ. మూడోది మనం బాగా గమనించాలి. పెద్దకొడుకు కాబట్టి పీఠం ఎక్కాలనే నియమం పెట్టుకోలేదు. చేతకానివాడైతే పక్కన పెట్టారు. సమర్థుడైన అల్లుడు దొరికితే ఇంటిపేరు ఇచ్చి పగ్గాలు అప్పగించారు. 37వ యజమాని పోయాక అతని భార్య యోషియే 38వ అధిపతి అయింది. అంతకుముందు ఏ స్త్రీ ఆ స్థానంలో కూర్చోలేదు. పుట్టుకను బట్టి కాక పనిని బట్టి మనిషిని ఎంచుకున్న సంస్థ అది. మన దేశంలో కులవృత్తి పేరుతో నడిచినదానికి ఇది సరిగ్గా ఎదురు.

32వ తరం యజమాని 16 నియమాలు రాసి పెట్టి పోయాడు. తాగుడు అతి కావద్దు, ఎవరినీ తక్కువ చూపు చూడవద్దు, హోదా భేదం లేకుండా మర్యాదగా మెలగాలి, టెండరు వేసేటప్పుడు నిజాయితీగా తక్కువ ధరకు లెక్క కట్టాలి, ఇలాంటివి. అందులో హోదాకు మించిన పని చేయవద్దన్న నియమం కూడా ఒకటుంది. అది మాత్రం నాకు రుచించదు. మన తాతలకు ఈ మాట ఎవరు ఏ గొంతుతో చెప్పేవారో నాకు తెలుసు. మిగతా 15 చాలు.

మడికట్టుకుని కూర్చోలేదు కూడా వాళ్ళు. 1868 తర్వాత కొత్త ప్రభుత్వం వచ్చి విహారాల మీద దాడులు జరిగి, పని కరువైనప్పుడు వేరే కట్టడాలు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శవపేటికలు చేసి కడుపు నింపుకున్నారు. అవసరం కోసం దారి మార్చారు, ఆశ కోసం కాదు.

ఆశ 1980లలో వచ్చింది. జపాన్‌లో భూముల ధరలు ఆకాశంలో ఉన్న రోజులు. అప్పులు తెచ్చి భూములు కొన్నారు. ఆ బుడగ పగిలింది. కొన్న భూమి విలువ పడిపోయింది, అప్పు మాత్రం పడిపోలేదు. దానికితోడు గుడుల పనీ తగ్గింది. 2006 జనవరిలో కొంగో గుమి వ్యాపారం తకమత్సు అనే నిర్మాణ సంస్థ చేతుల్లోకి పోయింది. పేరు ఉంది, వడ్రంగులు ఉన్నారు, పనీ నడుస్తోంది, కానీ స్వతంత్ర సంస్థగా కథ ముగిసింది. అంతర్యుద్ధాలు చంపలేదు, బాంబులు చంపలేదు, బౌద్ధం మీద కక్ష కట్టిన ప్రభుత్వం చంపలేదు. తమది కాని పనిలో తమది కాని డబ్బుతో పెరగబోవడం చంపింది.

పెరుగుదల ఎలా చంపుతుందో వివరంగా చెప్పాలి. ఎందుకంటే మన సభల్లో వక్తలు లాభం గురించి చెబుతారు, చేతిలో ఆడే డబ్బు గురించి చెప్పరు.

ఒక కుట్టుపని యూనిట్ అనుకుందాం. నెలకు 2 లక్షల పని, దాదాపు అంతా నగదు. ఖర్చులు పోను 30 వేలు మిగులుతాయి. ఇప్పుడొక పెద్ద కంపెనీ నెలకు 10 లక్షల యూనిఫారాల ఆర్డరు ఇస్తానంటుంది. నూటికి పది లాభం, అంటే నెలకు లక్ష. ఇంట్లో పండగ. కానీ బిల్లు డబ్బులు 90 రోజులకు ఇస్తారు. గుడ్డకూ, దారానికీ, కూలికీ నెలకు 9 లక్షలు ఇప్పుడే పెట్టాలి. మొదటి రూపాయి చేతికి వచ్చేలోపు 27 లక్షలు ఇరుక్కుపోతాయి. బ్యాంకు అంత ఇవ్వదు కాబట్టి బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు 54 వేల వడ్డీ. లక్ష లాభంలో సగం అక్కడే పోయింది. కంపెనీ 90 రోజులన్నది 180 రోజులు చేసిందనుకోండి, అలా చేయడం అరుదేమీ కాదు, 54 లక్షలు ఇరుక్కుంటాయి. నెల వడ్డీ 1 లక్షా 8 వేలు. కాగితం మీద లాభం లక్ష. ఇప్పుడు అతను ఎంత ఎక్కువ కుడితే అంత ఎక్కువ మునుగుతాడు. పాత 30 వేలు ఇచ్చిన గిరాకీని ఈ హడావిడిలో ఎప్పుడో పోగొట్టుకున్నాడు.

చట్టం లేదా అంటారు. ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సరఫరాదారుకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందంలో అంతకు మించి రాసుకున్నా చెల్లదు. ఆలస్యమైతే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళవచ్చు. చదవడానికి బంగారంలాంటి చట్టం. వాడుకున్నవాళ్ళు ఎందరు? నా దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చే వాళ్ళను ఫిర్యాదు వేద్దామా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. ఉన్నది ఒక్కడే కొనుగోలుదారు, వాడి మీద కేసు వేస్తే రేపటి పని ఎవరిస్తారు అంటారు. చూడండి, 50 మంది ఖాతాదారులున్న చిన్నవాడు ఈ చట్టాన్ని వాడగలడు. ఒక్క పెద్ద కంపెనీని పట్టుకుని పెరిగినవాడు వాడలేడు. కాబట్టి పెరిగాడని మనం చప్పట్లు కొట్టిన రోజే అతను కూలివాడయ్యాడు. తేడా అల్లా, కూలివాడికి అప్పుండదు.

అప్పు ఇచ్చినవాడి చట్టం మాత్రం చక్కగా పనిచేస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) కింద బ్యాంకు నోటీసు ఇస్తుంది, 60 రోజులు గడువు. తర్వాత కోర్టు గుమ్మం ఎక్కకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. దాని మీద మనం అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే 45 రోజుల్లో వెళ్ళాలి. మనకు రావలసిన డబ్బుకూ 45 రోజులే, మన ఇల్లు కాపాడుకోవడానికీ 45 రోజులే. మొదటిది ఎవడూ పాటించడు, రెండోది ఒక్కరోజు దాటినా బతిమాలుకోవాలి. ఆ ఇల్లు ఎవరిది? చాలాసార్లు ఆ వ్యాపారి అమ్మానాన్నలది. ప్యూన్‌గానో, టీచర్‌గానో, రైల్వే గ్యాంగ్‌మన్‌గానో జీవితమంతా చేసి కట్టుకున్న ఒకే ఒక్క ఇల్లు. రిజర్వేషన్ ఉద్యోగం సంపాదించి పెట్టిన ఒక తరం పొదుపు, తర్వాతి తరం 'పెద్దగా ఆలోచించడం'లో కరిగిపోవడం నేను చూస్తున్నాను.

జిల్లా కోర్టు ఎదురుగా ఒక టైపింగ్, జిరాక్స్ షాపు ఉంది. నడిపేది మనవాడే. రెండు కంప్యూటర్లు, ఒక మిషను, ఒక సహాయకుడు. వకాలత్లు, అఫిడవిట్లు, కౌంటర్లు అక్కడ టైపు చేయిస్తే తప్పు దొర్లదని వకీళ్ళ నమ్మకం. సెక్షన్ నంబరు తప్పు పడితే టైపు ఆపి ఫోను చేసి అడుగుతాడు. ఆ పక్కనే మరో షాపు ఖాళీ అయినప్పుడు, లోను ఇప్పిస్తాం, పెద్ద ఫ్లెక్సీ మిషను పెట్టు అని ఏజెంట్లు తిరిగారు. వద్దన్నాడు. ఎందుకని అడిగితే, "అన్నా, నేను చదవని కాగితం నా షాపు నుంచి బయటికి పోకూడదు. రెండో షాపు పెడితే అక్కడి కాగితం నేను చదవలేను" అన్నాడు. ఆ ఫ్లెక్సీ మిషను ఇంకొకతను పెట్టాడు. ఏడాది తిరిగేసరికి అదే వీధిలో మరిన్ని మిషన్లు వచ్చాయి, అడుగు ధర పడిపోయింది, వాయిదాలు మాత్రం అలాగే ఉన్నాయి. టైపింగ్ షాపతని ఇద్దరు పిల్లలూ చదువుకుంటున్నారు, షాపు మీద అప్పు లేదు. ఇతన్ని ఏ సభకూ సన్మానానికి పిలవరు.

ప్రభుత్వ పథకాలు కూడా ఈ పెద్దరికం మోజులోనే తయారవుతాయి. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా మొదలుపెట్టారు. దళిత, ఆదివాసీ, మహిళా వ్యాపారులకు 10 లక్షల నుంచి కోటి దాకా రుణం. పైన కోటి ఉందని అందరూ మెచ్చుకున్నారు. కింద 10 లక్షల గడప ఉందని ఎవరూ పట్టించుకోలేదు. 4 లక్షలతో పని జరిగేవాడికి, 10 లక్షల ప్రాజెక్టు రిపోర్టు రాయించుకుని రా అని చెప్పడమే అది. చిన్న మొత్తాలకు ముద్ర ఉంది కదా అంటారు. ఉంది. కానీ మన పేరుతో, మన ఫొటోతో వచ్చే పథకం మాత్రం అక్కరకు మించిన అప్పుతోనే ఎందుకు మొదలవ్వాలి?

తెలుగువాళ్ళకు ఈ పాఠం కొత్త కాదు. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో పేద ఆడవాళ్ళకు చిన్న అప్పులిచ్చే స్వచ్ఛంద సంస్థగా ఎస్.కె.ఎస్. మొదలైంది. తర్వాత కంపెనీ అయింది, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కెక్కింది. షేరుదారుడికి ప్రతి మూడు నెలలకూ పెరుగుదల చూపించాలి. చూపించాలంటే ఇంకో ఇంటికి అప్పు, అప్పు ఉన్న ఇంటికే ఇంకో అప్పు. ఒక్క ఆ సంస్థే కాదు, రంగమంతా అదే పరుగు. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వరుసకట్టాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి. అప్పు తీర్చగలిగే ఆడవాళ్ళు కూడా ఆపేశారు. ఊళ్ళో పది మందిని పేరుపెట్టి పిలవగలిగినంతకాలం ఆ వ్యాపారం ఆరోగ్యంగానే నడిచింది. అప్పుకు పూచీ ఆ పరిచయమే. పెరిగినకొద్దీ వాళ్ళు పోగొట్టుకున్నదీ అదే. అంతకు ముందు ఏడాది, 2009 జనవరి 7న, సత్యం అధినేత లెక్కల్లో 7,000 కోట్లకు పైగా లేనిది ఉన్నట్టు చూపించానని తానే ఒప్పుకున్నాడు. నిజంగా ఉన్న మంచి కంపెనీ చాలలేదు, ఇంకా పెద్దగా కనిపించాలి.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. పెద్దదనపు వక్తలు కూడా ఆయన పేరే వాడుకుంటారు కాబట్టి. 1918లో, 27 ఏళ్ళ వయసులో, భారతదేశంలో చిన్న కమతాల మీద ఆయన ఒక వ్యాసం రాశారు. చిన్న కమతాలే మన వ్యవసాయానికి రోగం, వాటిని కలిపి పెద్దవి చేస్తే బాగవుతుందని అప్పటి పెద్దలంతా అంటున్నారు. ఆయన ఆ వాదన మూలాన్నే ప్రశ్నించారు. కమతం చిన్నదా పెద్దదా అనేది ఎకరాల్లో తేలదు. దాని మీద పెట్టే పెట్టుబడి, ఎద్దులు, పనిముట్లు, శ్రమతో పోల్చి చూడాలి. పెట్టుబడే చాలనప్పుడు ఇప్పుడున్న కమతం చిన్నది కాదు, నిజానికి మరీ పెద్దది అని ఎదురు తిప్పారు. అలాంటివాడికి ఇంకో పది ఎకరాలు కలపడం మందు కాదు. ఇక్కడితో ఆగి, ఆయన కూడా చిన్నదే అందం అన్నారని గాంధేయులు మురిసిపోనక్కర్లేదు. ఆయన చూపిన మార్గం పరిశ్రమలు, భూమి మీద ఊరికే పడి ఉన్న జనాన్ని వేరే పనిలోకి మళ్ళించడం. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. అంటే పెద్దగా ఉండవలసిన వాటిని సమాజం చేతిలో పెట్టాలన్నారు. ఒక్కో దళితుడూ ఒక్కో టాటా కావాలని ఆయన ఎక్కడా కలగనలేదు. కమతం గురించి ఆయన అడిగిన ప్రశ్ననే మన పిల్లవాడు తన దుకాణం గురించి అడగాలి. నా చేతిలో ఉన్న డబ్బుకూ, నైపుణ్యానికీ, నా కంటిచూపుకూ ఈ దుకాణం సరిపడా ఉందా, మించి ఉందా?

బుద్ధుడి ఉపదేశంలోనూ పేదరికం గొప్పదని లేదు. సిగాలుడికి చెప్పిన సుత్తంలో సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒక భాగం అనుభవించమని, రెండు భాగాలు పనిలో పెట్టమని, నాలుగోది ఆపదకు దాచమని ఉంది. సగం పెట్టుబడి! అనాథపిండికుడు పెద్ద వర్తకుడే. చచ్చిన ఎలుకతో వ్యాపారం మొదలుపెట్టి ధనవంతుడైన కుర్రవాడి జాతక కథ ఉండనే ఉంది. అయితే కోలియుడైన దీఘజానుకు చెప్పినదాంట్లో, కష్టపడి సంపాదించడం, సంపాదించినది కాపాడుకోవడం, మంచి స్నేహం, వీటి పక్కనే సమజీవిత ఉంది. రాబడి, పోబడి తక్కెడలో తూచి బతకడం. మన వక్తలు మొదటిది మాత్రమే చెప్పి దిగిపోతున్నారు. ఆపదకు దాచవలసిన నాలుగో భాగాన్ని కూడా తాకట్టు పెట్టించే పెరుగుదల ధమ్మం ఎలా అవుతుంది?

ఏ దారిలోనైనా పెరగాలనే తొందర ఎక్కడికి తీసుకుపోతుందో కూడా చూశాం. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల కేటాయింపులో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వు చేసింది. మనవాళ్ళలో కొందరు దీన్ని సాధికారత అని సంబరపడ్డారు. పంచశీలం తీసుకున్నవాళ్ళు కూడా. మత్తు పదార్థాల వ్యాపారం ఉపాసకుడు చేయకూడనిదని వేరే చెప్పాలా? మన వాడల్నే తాగించి మనం ఎదగడం ఏ లెక్కలో ఎదుగుదల?

నా మాటకు వచ్చే ఎదురుమాట నాకు తెలుసు. ఇలాగైతే ఆ 0.00 ఎప్పటికీ 0.00గానే ఉండదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సిమెంటు, మందులు, విడిభాగాలు, ఇలాంటి రంగాల్లో చిన్నగా ఉండి నెగ్గుకురావడం కుదరదు. అక్కడికి వెళ్ళే సత్తా, పెట్టుబడి, సాంకేతిక చదువు ఉన్నవాళ్ళు వెళ్ళాలి. ప్రభుత్వ కొనుగోళ్ళలో దళిత, ఆదివాసీ వ్యాపారులకు కేటాయించిన 4 శాతం కోసం కొట్లాడాలి. వాళ్ళను నేను ఆపడం లేదు. కానీ మెట్టు ఎక్కలేకపోవడానికి కారణం మన ఆలోచన చిన్నదవడం కాదు, అద్దె ఇవ్వని షాపు, అరువు ఇవ్వని వ్యాపారి, సమయానికి రాని బిల్లు. వీటి మీద కొట్లాడకుండా పిల్లవాడి మనసులో లోపం వెతకడం అన్యాయం. ఆ గోడ అలాగే ఉంచి, నువ్వు గట్టిగా పరుగెత్తి గుద్దుకో అన్నట్టుంది ఈ ప్రవచనం.

పైగా అందరం కలిసి పెద్దవాళ్ళం కావడానికి ఒక్కొక్కరం ఉబ్బిపోనక్కర్లేదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తారు. అదే లిజ్జత్. ఇవాళ 40,000 మందికి పైగా సభ్యులు. పిండి కేంద్రంలో కలుపుతారు, అప్పడం ఎవరింట్లో వాళ్ళు ఒత్తుతారు. ఒక యజమాని లేడు, సభ్యులందరూ యజమానులే. ఎవరి పని చిన్నదే, పేరు మాత్రం దేశమంతా. మన సంఘాలు కుట్టుమిషన్లు పంచే బదులు, పది కుట్టు యూనిట్లు కలిసి గుడ్డ కొనే ఏర్పాటు ఎందుకు చేయవు? పది మందికి కలిపి ఒక లెక్కల మనిషినీ, ఒక వకీలునూ ఎందుకు పెట్టవు?

వచ్చే జయంతికి సభ పెట్టేవాళ్ళకు ఒక మనవి. సూటు వక్తకు ఇచ్చే గంటలో అరగంట కోసి, ఒక బల్ల వేసి, లోను కాగితాలు చదవడం తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టండి. లోను తీసుకోబోతున్నవాళ్ళను సంతకం పెట్టకముందే కాగితాలతో రమ్మనండి. పూచీ సంతకం ఎవరు పెడుతున్నారో ఆ తల్లినో తండ్రినో కూడా వెంట తీసుకు రమ్మనండి. బిల్లులు ఆగిపోయినవాళ్ళను సరుకు అప్పజెప్పిన తేదీ ఉన్న చలానాలతో రమ్మనండి, 45 రోజులు అక్కడి నుంచే లెక్క. ఇప్పటికే నోటీసు వచ్చినవాళ్ళుంటే, అది చేతికి అందిన తేదీని కవరు మీద రాసుకోమనండి. ఆ కవరు పారేయవద్దని మాత్రం ముందే చెప్పండి.